రౌతు కొద్దీ గుర్రం

నవంబరు నెల వచ్చిందంటే మా బ్యాంకులో పెన్షనుదారుల సందడి మొదలవుతుంది. తాము బతికే ఉన్నామని ఏడాదికొకసారి సంతకం పెట్టి చెప్పుకోవలసిన నెల అది. 2023 నవంబరులో అలాంటి ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు కంప్యూటర్లు నిలిచిపోయాయి. హాలులో నలభై మంది పెద్దవాళ్ళు. ఒకాయన నా బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా కేకలు మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉండి కూడా నేనూ గొంతు పెంచాను. నేను పెంచేకొద్దీ ఆయన పెంచాడు.

పక్క బెంచీ మీద నుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. ఎడమ భుజం మాత్రం కొంచెం కిందికి జారినట్టుంది. నా దగ్గరికి వంగి మన తెలుగులో, మెల్లగా, "సార్, మీరు ముందు ఊపిరి వదలండి. పట్టుకోనుండారు" అన్నాడు. నిజంగానే పట్టుకునే ఉన్నాను. వదిలాను. ఆ తరువాత నా గొంతు తగ్గింది, ఎదుటాయన గొంతూ తగ్గింది. అరగంటకు కంప్యూటర్లు కూడా కోలుకున్నాయి.

ఆయన సొంత ఊరు కోలారు జిల్లా ముళబాగిలు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగంలో రెండూ కాక దక్కనీ ఉర్దూ. మైసూరు పోలీసు అశ్వదళంలో పనిచేసి 2022లో హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. ఈ ముక్కలు రాస్తానంటే "రాయండి సార్, పేరు మాత్రం వద్దు" అన్నారు. అందుకని ఈ వ్యాసంలో ఆయన రౌతుగారే.

మన పెద్దలు 'రౌతు కొద్దీ గుర్రం' అన్నారు. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుంది' అనీ అన్నారు. రెండో సామెతను మేము ఆఫీసులో తరచు వాడుతుంటాం, కింది ఉద్యోగుల గురించి. రౌతుగారికి రెండోది నచ్చదు. "అది బద్ధకం గుర్రానికి చెప్పిండేది సార్. బెదురు గుర్రానికి మొదటిదే సరి" అన్నారు. ఆ తేడా ఏమిటో తెలుసుకోవాలని ఆ చలికాలమంతా నాలుగైదు ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళాను.

మైసూరులో ఉంటున్నవారికి అశ్వదళం కొత్త కాదు. విజయదశమినాడు జంబూసవారీలో దాదాపు 750 కిలోల బంగారు అంబారీ మోసే ఏనుగునే అందరూ చూస్తారు గాని, ఆ ఊరేగింపులో సాగే గుర్రాలను తీరుబడిగా చూసేవారు తక్కువ. విజయనగర రాజుల మహానవమి ఉత్సవాన్ని రాజ ఒడెయరు 1610లో శ్రీరంగపట్నంలో అందిపుచ్చుకున్నాడు. హంపీ మహానవమి దిబ్బ రాళ్ళ మీద ఆ గుర్రాలు ఇప్పటికీ ఉన్నాయి. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. కొన్నవాటి లెక్క దొరికింది గాని, వాటిని నిమ్మళింపజేసిన రౌతుల సంగతి ఎవరూ రాయలేదు. పద్దు పుస్తకాలతో వచ్చిన చిక్కే ఇది, ధర ఎక్కుతుంది, శ్రమ ఎక్కదు.

ఇక గుర్రం ఎందుకు బెదురుతుందో చూద్దాం. పులికి గోళ్ళున్నాయి, ఎద్దుకు కొమ్ములున్నాయి. గుర్రానికి ఉన్నది పరుగు ఒక్కటే. ముందు పారిపోయి, తరువాత ఆలోచించిన గుర్రాలే అడవిలో బతికి బట్టకట్టాయి. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ కనిపిస్తుంది. నుదుటికి సూటిగా ముందున్న కొంచెం చోటు, తోకకు సూటిగా వెనకున్న చోటు మాత్రం కనిపించవు. చెవులు రెండూ వేటికవే తిరుగుతాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పెట్టగలదు. వెనక్కు పెట్టిన చెవి రౌతును వింటోందన్నమాట. గాలికి ఎగిరే ప్లాస్టిక్ కవరు మనకు చెత్త, దానికి మీదపడబోయే జంతువు. పోయేటప్పుడు ఒక పక్కనుంచి చూసి అలవాటు పడిన పీపాను, వచ్చేటప్పుడు రెండో పక్కనుంచి చూసి మళ్ళీ బెదురుతుందట. "అదే పీపా కదా అని మనం విసుక్కుంటాము. దానికి అది వేరే పీపా" అన్నారు రౌతుగారు.

అలాంటి ప్రాణిని పోలీసు ఉద్యోగంలో పెట్టి, ఎటు పారిపోవాలనిపిస్తే అటే నిలబడమంటాం. చెన్నైలో మెరీనా తీరాన, కోల్‌కతా మైదానంలో ఫుట్‌బాల్ జనం మధ్య, మన హైదరాబాదు గోషామహల్ గుర్రాలకూ చెప్పేది ఇదే. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణ పొందేవారికి గుర్రపు స్వారీ కూడా ఒక పాఠం. జీపుల్లో తిరగబోయే వారికి గుర్రమెందుకని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి.

1996లో రౌతుగారి చేతికి ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని ఇచ్చారు. పందాల మైదానం నుంచి వచ్చింది. అక్కడ దానికి నేర్పిన విద్య ఒకటే, గేటు తెరవగానే దూకటం. చప్పుడంటే పరుగు అని దాని ఒంట్లో రాసుకుపోయింది. రికార్డులో ఏదో ఇంగ్లీషు పేరుంది. ఈయన మాత్రం 'పాపా' అని పిలిచేవారు. 1997 మే నెలలో ఒక ఉదయం, టీకొట్టు ముందు కట్టిన టార్పాలిన్ పట్టా గాలికి ఫటేల్మంది. పాప ఒక్క దూకున పక్కకు జరిగింది. గుర్రం కింద ఉంది, రౌతు పైన లేడు. ఎడమ జత్రువు, అంటే మెడకింది అడ్డ ఎముక, రెండు ముక్కలయింది. నేను బ్యాంకులో చూసిన భుజం అదే.

ఎనిమిది వారాల తరువాత మళ్ళీ ఎక్కారు. ఎముక అతికింది గాని ఇంకొకటి అతకలేదు. ఆ సంగతి ఆయన మాటల్లోనే చెబుతాను.

"రికాబులో కాలు పెట్టంగానే కడుపులో చల్లగా అయ్యేది సార్. పట్టా కనిపిస్తే చాలు, దానికన్నా ముందు నేనే చూస్తా ఉంటిని. చూసి పగ్గం బిగిస్తా ఉంటిని. మోకాళ్ళు అదుముతా ఉంటిని. నేను బిగిస్తే అది, 'ఓహో, ఈడ ఏమో ఉంది' అనుకునేది. అది బెదిరితే, 'నేను చెప్పలేదా' అని నేను అనుకునేది. ఒకరి భయం ఒకరు తాగుతా ఉంటిమి."

ఈ చివరి మాట నేను ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను. రౌతుగారు సొంత అనుభవంతో చెప్పినదాన్ని 2009లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూశారు. మనుషులకూ గుర్రాలకూ గుండె వేగం కొలిచే సాధనాలు తగిలించి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి నాలుగుసార్లు నడిపించారు, కొందరు ఎక్కి, కొందరు పగ్గం పట్టుకుని. నాలుగోసారి బయలుదేరబోయే ముందు, "ఈసారి మీరు అటు వెళ్ళేటప్పుడు గొడుగు తెరుస్తాం" అని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి ఎవరూ గొడుగు మాట చెప్పలేదు గదా! చెప్పింది రౌతు చెయ్యే, తొడే, ఊపిరే. నిమ్మళంగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. ప్రాణభయంతో దౌడు తీస్తే 200 దాటుతుంది. అంతటి ఇంజను మీద కూర్చుని మనం గొడుగు సంగతి దాచలేం.

(మా అమ్మాయికి స్కూటరు నేర్పేటప్పుడు నేను వెనక కూర్చుని ప్రతి బస్సుకూ 'జాగ్రత్త' అని అరిచేవాణ్ణి. ఇది చదివితే మా ఆవిడ నవ్వుతుంది.)

ఆ జులైలో రౌతుగారి ఎదుట రెండు దారులున్నాయి. దసరా లోపల పాప నిలకడకు రాకపోతే దాన్ని వేలానికి పెడతారు. వేలంలో పోయిన బెదురు గుర్రాన్ని ఎవరు కొంటారో ఆయనకు తెలుసు. టాంగా స్టాండులో దాని ఒంటి మీద కొరడా వాతలు ఆయనకు ముందే కనిపిస్తున్నాయి. ఈయన అడిగితే కాలినడక డ్యూటీకి మార్చేస్తారు, అది రెండో దారి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఇల్లాలు రోజూ ఒకటే మాట, "అర్జీ పెట్టండి." ఆయన అర్జీ రాశారు కూడా. జేబులో పెట్టుకుని తిరిగారు.

అశ్వశాలలో అందరూ ఉస్తాద్ అని పిలిచే ఒక పెద్దాయన ఉండేవారట. అర్జీ సంగతి ఆయనకు ఎలా తెలిసిందో గాని, "నెలరోజులు నాకివ్వు, తరువాత ఇచ్చుకో" అన్నారు. మొదటి వారం జీనే వెయ్యనివ్వలేదు. కింద నిలబడి మాలీషు చెయ్యి, ఉలవలు పెట్టు, డెక్కలు శుభ్రం చెయ్యి, పగ్గం పట్టుకుని పక్కన నడువు. అంతే. సయీసులు చేసే పని తనచేత చేయిస్తున్నారని రౌతుగారికి మొదట చిన్నతనంగా అనిపించిందట. మెడ మొదట్లో, మూపు దగ్గర వేళ్ళతో గోకమన్నారు. గుర్రాలు ఒకదాన్నొకటి ప్రేమగా గీరుకునే చోటు అది. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్సులోని కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధన 1993లోనే అచ్చయింది. ఉస్తాద్ అది చదివి ఉండరు. పాప అయిదో రోజున తల కిందికి దించి, నోరు చప్పరించి, నిట్టూర్చింది. "ఇది జమ" అన్నారట ఉస్తాద్. బ్యాంకువాణ్ణి కదా, నాకా మాట బాగా నచ్చింది.

రెండో వారం ఎక్కనిచ్చారు. పక్కనే ఒక ముసలి గుర్రం, దాని మీద ఉస్తాద్. ముసలి గుర్రం టపాకాయ పేలినా చెవి కదపదు. పక్కవాడు పారిపోకపోతే తానూ పారిపోనక్కరలేదని గుర్రానికి తెలుసు, మందలో పుట్టిన జీవి గనక. అయితే చిక్కు పాపతో కాదు, పైనున్న మనిషితోనే. "ఊపిరి వదులు" అంటే వదలటం, రెండడుగులకు మళ్ళీ బిగపట్టటం. భయపడవద్దని ఎవరు చెప్పినా భయం పోదు గదా. అప్పుడు ఉస్తాద్ ఒక ఉపాయం చెప్పారు. పాట పాడమన్నారు. పాడేవాడు ఊపిరి బిగపట్టలేడు. రౌతుగారికి ఒక్క పాటా పూర్తిగా రాదు. "మరి ఏం వచ్చు?" అంటే, ముళబాగిలు పల్లెలో తాతగారు చింతబరికె పట్టుకుని నేర్పిన ఎక్కాలు వచ్చు.

అలా మైసూరు అశ్వదళంలో ఒక గుర్రం తెలుగు ఎక్కాలు వింటూ శిక్షణ పొందింది. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు, పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది. ఒక్కో అడుగుకు ఒక్కో మాట. తేలిక ఎక్కాలైతే మనసు తప్పించుకుని మళ్ళీ టార్పాలిన్ దగ్గరికి పోతుంది. అందుకే పదమూడు. పదమూడు ఏడుల దగ్గర ఆయన తడబడేవారు. తడబడగానే పాప చెవి ఒకటి వెనక్కు తిరిగేది. "అది నా తప్పులు దిద్దుతా ఉండె సార్" అని నవ్వారు.

ఎక్కాలతోపాటు ఇంకో మూడు సంగతులు నేర్పారు. బెదిరించే వస్తువును చూడవద్దు, దాన్ని దాటి అవతల నువ్వు పోవలసిన చోటును చూడు. నీ తల ఎటు తిరిగితే నీ నడుమూ, బరువూ అటే తిరుగుతాయి. మోకాళ్ళతో అదమవద్దు, మడమలు కిందికి వదిలి బరువు జీనులోకి దించు. తొడ బిగిస్తే గుర్రానికి దాని అర్థం 'పరుగెత్తు' అని, పగ్గం బిగిస్తే 'ఆగు' అని. రెండూ ఒకేసారి చెబితే పాపం అది పైకి లేవక ఏం చేస్తుంది? మూడోది అన్నిటికన్నా కష్టం. అది దూకబోతే రెండు పగ్గాలూ పట్టి లాగక, ఒక పక్క పగ్గంతో మెల్లగా గుండ్రంగా తిప్పు, నిలవగానే వదిలెయ్యి. పగ్గం బిగించటం ఎవరికైనా వస్తుంది. వినగానే, అర క్షణం ఆలస్యం లేకుండా వదలటం రావాలి. ఆ వదలటమే దానికి జీతం. బిగింపు వదలకపోతే, తాను విన్నందుకు ఫలితమేమిటో దానికి తెలియదు.

ఇవేవీ కొత్త సంగతులు కావు. దాదాపు 2,300 ఏళ్ళ కిందట గ్రీకు దేశపు జెనోఫోన్ అశ్వవిద్య మీద పుస్తకం రాస్తూ, కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దన్నాడు. బెదిరిన వస్తువు దగ్గరికి కొట్టి తోలితే భయం రెట్టింపవుతుందని, నువ్వే ముందు దాన్ని తాకి, మెల్లగా నడిపించుకుపొమ్మని చెప్పాడు. మన నకులుడు విరాటుడి కొలువులో అశ్వపాలకుడిగా గుర్రాలను మాలిమి చేసి బతికాడు. విద్య పాతదే. ప్రతి రౌతూ సొంత ఎముకలతో మళ్ళీ నేర్చుకోవలసి రావటమే కష్టం.

అసలు పరీక్ష ఫిరంగులది. జంబూసవారీనాడు అంబారీలోని చాముండేశ్వరికి పూలు చల్లేటప్పుడు జాతీయగీతం వాయిస్తూ 21 తోపులు పేలుస్తారు. ఏడు ఫిరంగులు, ఒక్కొక్కటి మూడుసార్లు, నిమిషంలోగా అయిపోవాలి. ఆ చప్పుడుకు ఏనుగులూ గుర్రాలూ చెదరకుండా ముందు కొన్ని వారాల్లోనే సాధన పెడతారు. 1997లో మొదటి సాధన రోజున పాపను అందరికన్నా దూరంగా, ముసలి గుర్రం పక్కన నిలబెట్టారు. మొదటి తోపుకే అది వెనక్కు తిరిగింది. గుండ్రంగా తిప్పారు. రెండోదానికి మళ్ళీ తిరిగింది. మళ్ళీ తిప్పారు. ఇరవై ఒకటీ అయ్యేసరికి ఇద్దరికీ చెమట నురగలు. ఉస్తాద్ తిట్టలేదు. "ఎన్ని అడుగులు జరిగింది?" అని మాత్రం అడిగి, ఒక చిన్న నోటుపుస్తకంలో రాయించారు.

ఆ పుస్తకం రౌతుగారి దగ్గర ఇంకా ఉంది. నాకు చూపించారు. కన్నడ అంకెల్లో తేదీలు, ఫిరంగులకు ఎంత దూరాన నిలిచింది, ఎన్ని అడుగులు జరిగింది. నేను నలభై వేల బ్యాలెన్సు షీట్లు చూసి ఉంటాను, ఇంత నిజాయితీ అయిన లెక్క చూడలేదు. ఎందుకంటే అది సాఫీగా పోలేదు. రెండో సాధనలో కొంచెం దగ్గరికి జరిగారు, మూడోసారి ఇంకొంచెం. నాలుగోసారి మొదటి రోజుకన్నా అధ్వానం. ఆ పూట వరుసలో 'అర్జీ' అని ఒక్క మాట రాసి కొట్టేసి ఉంది. ఏమిటని అడిగాను. "ఆ రోజు ఇచ్చేద్దామని పోతిని. ఆఫీసర్ లేకపోయె" అన్నారు. మర్నాడు ఉస్తాద్ మళ్ళీ మొదటి రోజు దూరానికే తీసుకుపోయారట. ఓడిన చోటి నుంచి కాక, నిలిచిన చోటి నుంచి మొదలుపెట్టాలని ఆయన పద్ధతి. ఆఖరి సాధనలో లెక్క: రెండు అడుగులు.

1997 అక్టోబరులో విజయదశమినాడు పాప వరుసలో ఉంది. ప్యాలెస్ నుంచి బన్నిమంటపం దాకా దాదాపు అయిదు కిలోమీటర్లు. ఫిరంగులు పేలినప్పుడు వణికింది, జరగలేదు. కె.ఆర్. సర్కిల్ దాటి సయ్యాజీరావు రోడ్డులోకి మళ్ళాక, ఎవరో అమ్ముకునేవాడి చేతిలోంచి గ్యాసు బెలూన్ల గుత్తి జారి సరిగ్గా దాని మోర ముందుకు వచ్చింది. రెండు పక్కలా తాడు, తాడు అవతల పిల్లలను భుజాల మీద ఎత్తుకున్న జనం. దూకటానికి చోటు లేదు. పాప నాలుగు కాళ్ళూ పాతినట్టు నిలిచిపోయింది. ముక్కుపుటాలు పొంగాయి. రౌతుగారికి భుజం ఎముక సలిపిందట, నిజంగానే. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. పదమూడు నాలుగులు యాభైరెండు, పదమూడు అయిదులు అరవై అయిదు. బెలూన్లు పైకి పోయాయి. పాప ఒక చెవి వెనక్కు పెట్టింది. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది. నడిచింది.

"భయం పోయిందా మరి?" అన్నాను.

"యాడ పోతుంది సార్? రిటైరయ్యే దినం దాకా రికాబులో కాలు పెడితే కడుపులో ఆ చల్లదనం ఉండె. చేతికి మాత్రం తెలియనీలేదు."

ఒక మాట నేను అడగక ఉండలేకపోయాను. మన వేడుక కోసం నోరులేని జీవాల ముందు ఫిరంగులు పేల్చటం న్యాయమేనా అని. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "అది అడిగి రాలేదు సార్, నిజమే. వచ్చినాక ఒంటరిగా వదలకూడదు, అంతే నాకు తెలిసింది" అన్నారు. నాకు పూర్తిగా సమాధానం దొరకలేదు. ఇప్పటికీ దసరానాడు తోపులు పేలితే గుర్రాల వైపే చూస్తాను.

పాప ఇంకా పదకొండు దసరాలు నడిచింది. అర్జీ కాగితం ఆ నోటుపుస్తకం అట్ట లోపల మడతపెట్టి ఉంది, తేదీ వెయ్యకుండా.

మొన్న నవంబరులో రౌతుగారు మళ్ళీ మా శాఖకు వచ్చారు. సంతకం పెట్టాక, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ ఎంతవుతుందో చెప్పమన్నారు. నేను యంత్రం వైపు చెయ్యి చాపేలోగా నోటితోనే లెక్కకట్టి చెప్పేశారు, సరిగ్గానే. "అన్ని ఎక్కాలూ వచ్చన్నమాట" అన్నాను.

"లేదు సార్, పదిహేడో ఎక్కం ఇంకా రాదు" అని కాగితాలు సంచిలో సర్దుకున్నారు.